యంత్రదూతలు - బందరు రేవు

వైజ్ఞానిక కల్పనా కథలలో తరచుగా కనిపించే ఇతివృత్తం ఒకటి ఉన్నది. ఏనాడో ఒక దూరపు నక్షత్రం చెంతకు వలసపోయిన మనుషులకు మాతృదేశంతో సంబంధం తెగిపోతుంది. తరాలు గడుస్తాయి. భయంచేత కొంత, అలవాటుచేత కొంత, వారి ఊరంతా ఒక సైనిక శిబిరంగా మారిపోతుంది. చిట్టచివరకు వారి జాడ తెలిసినప్పుడు, ఒకదానికొకటి పడని రెండు రాజ్యాలు వారి స్నేహాన్ని సంపాదించడానికి చెరొక మరమనిషిని రాయబారిగా పంపుతాయి. మొదట మాట్లాడేది ఎవరు? ఆ తుపాకుల వెనుక ఉన్నవారు ఎవరిని నమ్ముతారు?

ఇటువంటి కథ చదివే పాఠకుని దృష్టి సాధారణంగా మరమనిషి ఉక్కు చేతులమీద, కాంతులీనే కళ్ళమీద నిలుస్తుంది. అవి చేయడం ఇంజనీర్లకు ఇప్పుడు అంత కష్టం కాదు. అసలు చిక్కు దూతకు, దానిని పంపినవారికి నడుమ ఉన్న దూరంలో ఉన్నది. ఈ చిక్కును మనుషులు ఇదివరకే అనుభవించారు. దానిని తెలుసుకొనడానికి నక్షత్రాల దాకా పోనక్కరలేదు. కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఉన్న ఘంటసాలకు, అక్కడినుంచి బందరుకు పోతే చాలు.

ఘంటసాల నేడు బందరుకు పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో వరిచేల నడుమ ఉన్న గ్రామం. అక్కడ నిలబడి చూస్తే సముద్రం కనిపించదు. నది తెచ్చి పోసిన ఒండ్రుతో తీరం దూరంగా జరిగిపోయింది. కాని క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు ఈ తీరంలో కంటకొస్సుల అనే వర్తక పట్టణాన్ని పేర్కొన్నాడు. నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్దపు శాసనం ఒకటి కంటకసోలలోని మహాచైత్యాన్ని ప్రస్తావిస్తున్నది. ఈ రెండు పేర్లూ ఘంటసాలవేనని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. 1892 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ ఇక్కడి స్తూపాన్ని త్రవ్వించినప్పుడు, ఇటుక గోడలను బండిచక్రపు ఆకుల మాదిరిగా పేర్చిన నిర్మాణం బయటపడింది. ఇక్కడి ప్రాకృత శాసనాలలో ఒక మహానావికుని పేరు కూడా ఉన్నది. నావికుడు పేరు చెప్పుకొని శాసనం వేయించుకొనగలిగిన ఊరంటే, అది ఎటువంటి రేవో ఊహించవచ్చు.

అటువంటి రేవుకు మొట్టమొదట వచ్చిన పరదేశికి, ఒడ్డున ఉన్నవారికి ఉమ్మడి భాష ఏది? ఏ రేవులోనైనా ఈ ప్రశ్న తప్పదు. దీనికి ప్రాచీనులు కనిపెట్టిన పరిష్కారాలలో చక్కనిదానిని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో వర్ణించాడు. కార్తేజి వర్తకులు ఆఫ్రికా పడమటి తీరంలో ఒకచోట దిగి, సరుకులను ఇసుకమీద వరుసగా పెట్టి, తిరిగి ఓడలెక్కి పొగ వేసేవారు. పొగ చూచి అక్కడి జనులు వచ్చి, సరుకు ప్రక్కన కొంత బంగారం ఉంచి దూరంగా తొలగిపోయేవారు. వర్తకులు దిగివచ్చి చూచి, బంగారం చాలుననుకుంటే తీసుకొని వెళ్ళిపోయేవారు. చాలదనుకుంటే దానిని ముట్టకుండా మళ్ళీ ఓడలో కూర్చునేవారు. అప్పుడు ఆ జనులు మరికొంత బంగారం చేర్చేవారు. బంగారం సరిపోయేవరకు వర్తకులు దానిని తాకరు. వర్తకులు బంగారం తీసుకొనేవరకు జనులు సరుకును తాకరు.

ఈ మూగబేరంలో ఒక్క మాట లేదు. ఐనా నియమాలన్నీ ఉన్నవి. ఇరువురూ ఒకేసారి ఒకేచోట ఉండరు గనుక కత్తి దూసే అవకాశం లేదు. ప్రతి అడుగునూ ఎదుటివాడు కళ్ళారా చూచి సరిచూచుకొనవచ్చు. ఎవరైనా మోసం చేస్తే పోయేది ఒకనాటి సరుకే. నేడు రెండు కంప్యూటర్లు పరస్పరం సమాచారం ఇచ్చిపుచ్చుకొనడానికి ముందు పాటించే మర్యాదలు కూడా ఈ రకానివే: ఒకటి పంపుతుంది, రెండవది అందినదని చెబుతుంది, చెప్పకపోతే మొదటిది ఆగుతుంది, లేదా మళ్ళీ పంపుతుంది. భాష రాని యంత్రదూతకు మొదటి పాఠంగా ఏ నిఘంటువు కంటెను హెరొడోటస్ చెప్పిన ఈ వృత్తాంతమే మేలు.

మరమనుషుల ఊహ కూడా మన దేశానికి కొత్తది కాదు. లోకపఞ్ఞత్తి అనే పాళీ గ్రంథం 11, 12 శతాబ్దాల ప్రాంతంలో బర్మాలో రూపొందినదని పండితుల అభిప్రాయం. అందులో ఒక వింత కథ ఉన్నది. రోమ దేశంలో యంత్రాలతో నడిచే బొమ్మలు ఉండేవట. ఆ విద్యను ఎవరైనా దేశం దాటిస్తే వెంటాడి చంపేవి కూడా ఆ బొమ్మలేనట. పాటలీపుత్రానికి చెందిన ఒకడు ఆ విద్యకై రోమ దేశంలో పునర్జన్మ ఎత్తి, యంత్రశిల్పి కూతురిని పెండ్లాడి, రహస్యాన్ని తన తొడచర్మం క్రింద కుట్టుకొని బయలుదేరి, యంత్రాల చేతిలో హతుడవుతాడు. అతని కొడుకు ఆ పత్రాన్ని తీసుకొని పాటలీపుత్రం చేరి, బుద్ధధాతువులను కాపలా కాయడానికి యంత్రభటులను నిర్మిస్తాడు. అజాతశత్రువు మరణించి చాలకాలమైనా ఆ భటులు పాత ఆజ్ఞ ప్రకారమే కత్తులు త్రిప్పుతూ ఉంటారు. చివరికి అశోకుడు వచ్చి వాటిని ఎదుర్కొనవలసివస్తుంది.

ఇది కథే. ఘంటసాల వంటి బౌద్ధక్షేత్రాలకు రోమక నౌకావ్యాపారంతో ఉన్న సంబంధం జ్ఞప్తిలో ఉంచుకొని చదివితే, ధాతువులూ రోమ దేశమూ ఒకే కథలో కలియడంలో ఆశ్చర్యం కనబడదు. ఆజ్ఞ ఇచ్చినవాడు లేకపోయినా ఆజ్ఞ నడుస్తూనే ఉండడం అనే సంగతిని మాత్రం గుర్తుంచుకోవాలి. బందరులో అదే నిజంగా జరిగింది.

బందరులో నేటికీ వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేటలు ఉన్నవి. హాలెండువారు, ఫ్రాన్సువారు, ఇంగ్లీషువారు పక్కపక్కనే కాపురమున్న గుర్తులు అవి. వలందావారు 1605లో ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మొదట పులికాట్ చేరగా, అక్కడి వర్తకహక్కు తమకే ఉన్నదని వలందావారు అడ్డు చెప్పారు. ఓడ ఉత్తరంగా వచ్చి బందరులో దిగింది. తమాషా ఏమంటే, ఆ ఇంగ్లీషు ఓడలో వ్యాపారం నడిపిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథనిస్ ఇద్దరూ జాతికి వలందావారే! దూత ఎవరి తరఫున మాట్లాడుతున్నదీ ముఖం చూచి చెప్పలేమన్నమాట. వీరందరికీ గోలకొండ సుల్తాను అనుగ్రహం కావాలి. మాట నడపడానికి దుబాసీలు కావాలి. దుబాసీకి తన లాభం తనకు ఉంటుంది గనుక, అతడు అటూ ఇటూ చేరవేసే మాటలో ఎంత అసలు, ఎంత కలుపు అన్నది తేల్చడం కష్టం.

ఈ దూతలకు ఆజ్ఞలు ఇచ్చేవారు లండనులో, ఆమ్‌స్టర్‌డాములో ఉన్నారు. ఆఫ్రికా కొననుచుట్టి ఓడ రావడానికి అరయేడు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టేది. ప్రశ్న పంపి జవాబు అందుకొనేసరికి ఏడాదిన్నర గడిచిపోయేది. దీని ఫలితం ఎంత దారుణంగా ఉండగలదో సర్ థామస్ డేల్ జీవితం చూపుతుంది.

డేల్ వృత్తిరీత్యా సైనికుడు. హాలెండు కొలువులో చాలకాలం పనిచేసినవాడు. 1611 నుంచి 1616 వరకు అమెరికాలోని వర్జీనియా వలసలో అధికారం నడిపాడు. ఆకలితో, క్రమశిక్షణ లేక చెదిరిపోతున్న ఆ వలసను సైనిక శాసనంతో బిగించినవారిలో అతడు ముఖ్యుడు. పనికి పోవడానికి, పని ముగించడానికి డప్పు మ్రోగించేవారు. చిన్న తప్పులకు కూడా కఠినమైన శిక్షలు ఉండేవి. వర్జీనియావారు అంతగా భయపడడానికి కారణం లేకపోలేదు. వారికి ముందు, 1587లో, రోనోక్ ద్వీపంలో దిగిన నూరుమందికి పైబడిన ఇంగ్లీషువారు మాయమైపోయారు. చరిత్రలో తప్పిపోయిన వలస అని పేరు పడినది అదే.

రోనోక్ నాయకుడు జాన్ వైట్ సామగ్రి కోసం ఇంగ్లండుకు వెళ్ళేటప్పుడు ఒక సంకేతం ఏర్పాటు చేశాడు. చోటు మారవలసివస్తే వెళ్ళే చోటి పేరు చెట్టుమీదనో తలుపుమీదనో చెక్కాలి. ఆపదలో వెళితే పేరు పైన శిలువగుర్తు కూడా చెక్కాలి. స్పెయినుతో యుద్ధం అడ్డు వచ్చి అతడు 1590 ఆగస్టులోగాని తిరిగి రాలేకపోయాడు. ఊరు ఖాళీగా ఉన్నది. ఒక స్తంభంమీద క్రోటోవన్ అనే ద్వీపం పేరు చెక్కి ఉన్నది. శిలువగుర్తు లేదు. తుఫానువల్ల అక్కడికి పోలేక వైట్ వెనుదిరిగాడు. తరువాత వారిని ఎవరూ చూడలేదు. ఐనా ఆ సంకేతం తన పని తాను చేసింది. మూడేళ్ళ తరువాత, మనుషులెవరూ లేనిచోట, రెండు వార్తలను చేరవేసింది: ఎక్కడికి వెళ్ళారో ఒకటి, వెళ్ళేనాటికి ఆపద లేదన్నది మరొకటి.

డేల్‌ను తరువాత ఇంగ్లీషు కంపెనీ తూర్పుదేశాలకు నౌకాదళంతో పంపింది. 1618 చివర, 1619 మొదట జావా తీరంలో అతడు వలందావారి ఓడలతో యుద్ధం చేశాడు. ఫలితం తేలలేదు. అక్కడినుంచి బందరు చేరి, 1619 ఆగస్టులో ఇక్కడే జబ్బుతో మరణించాడు. దానికి సుమారు నెల ముందే, 1619 జూలైలో, లండనులో ఇంగ్లీషువారికి, వలందావారికి సంధి కుదిరింది. ఇకమీదట రెండు కంపెనీలూ కలిసి వ్యాపారం చేయాలని నిర్ణయమైంది. ఆ జూలైలోనే మలయా తీరాన పటానీ రేవులో ఇంగ్లీషు నాయకుడు జాన్ జోర్డైన్ వలందా తుపాకిదెబ్బకు బలియైనాడు. సంధివార్త తూర్పుసముద్రాలకు అందినది 1620 మార్చిలో. ఆగిపోయిన యుద్ధంలో ఎనిమిది నెలలపాటు మనుషులు శత్రువులుగానే మెలగినారు. పెద్దలు ఇచ్చిన పాత ఆజ్ఞను నమ్మకంగా పాటించడమే వారు చేసిన నేరం.

ఓడకు బదులు రేడియో తరంగం వచ్చినంత మాత్రాన ఈ ఆలస్యం మాయం కాదు. రేడియో తరంగాలు కాంతివేగంతో, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. చంద్రునికి 1.3 సెకన్లు. అంగారకునికి, గ్రహాలు ఉన్న స్థానాన్నిబట్టి 3 నుంచి 22 నిమిషాలు. 1977లో బయలుదేరిన వాయేజర్-1కు 2025 నాటికి 23 గంటలకు పైగా పడుతున్నది. సూర్యునికి అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమాకు 4 సంవత్సరాల 3 నెలలు. అక్కడి దూత "ఏమి చేయమంటారు?" అని అడిగితే జవాబు చేరేది ఎనిమిదిన్నరేళ్ళకు. బందరు గుమాస్తాలు దీనికంటె ఎంతో అదృష్టవంతులు!

ఈ కాలవిలంబం ఎలా ఉంటుందో వాయేజర్-1 నడిపేవారికి అనుభవమే. 2023 నవంబరులో అది అర్థంలేని సంకేతాలు పంపసాగింది. జ్ఞాపకకోశంలో ఒక చిప్పు చెడినదని గుర్తించి, అందులోని ప్రోగ్రామును ముక్కలుచేసి వేరే చోట్ల సర్దే ఆజ్ఞను 2024 ఏప్రిల్ 18న పంపారు. పని జరిగినదో లేదో తెలిసినది 20వ తేదీన. ఆలోగా చేయగలిగినది ఏమీ లేదు. అందుచేతనే ఇటువంటి నౌకలలో ఒక గడియారం అమర్చుతారు. నిర్ణీతకాలంలో భూమినుంచి ఏ ఆజ్ఞా రాకపోతే, నౌక తన రేడియో చెడినదేమోనని అనుమానించి ప్రత్యామ్నాయ ఉపకరణాలకు తనంతట తానే మారుతుంది. చంద్రయాన్-3 కూడా 2023 ఆగస్టు 23న చివరి నిమిషాలలో తన నిర్ణయాలు తానే తీసుకొని దిగింది. దూరం పెరిగినకొద్దీ ఆజ్ఞకు బదులు వివేచనను మూటకట్టి పంపవలసి వస్తుంది.

ఇక తుపాకులు పట్టుకొని కూర్చున్న తప్పిపోయిన వలసవారి వైపునుంచి చూద్దాం. వచ్చినది నిజంగా తమ పెద్దలు పంపిన దూతేనా, శత్రువు పన్నాగమా? జపాను సైనికాధికారి హీరూ ఒనోడా 1944 చివర ఫిలిప్పైన్సులోని లుబాంగ్ ద్వీపానికి వెళ్ళి, యుద్ధం ముగిసిన తరువాత కూడా 29 ఏళ్ళు అడవిలో పోరాడుతూనే ఉన్నాడు. యుద్ధం ముగిసిందని విమానాలనుంచి కరపత్రాలు వేశారు. అవి శత్రువుల కుట్ర అనుకున్నాడు. బంధువుల ఉత్తరాలు, ఫోటోలు వేసినా నమ్మలేదు. ఈ మధ్యకాలంలో అతని దళం చేతిలో ద్వీపవాసులు పలువురు చనిపోయారు. 1974 మార్చిలో అతని పూర్వపు పై అధికారి తానై వచ్చి ఆజ్ఞను చదివి వినిపించిన తరువాతనే ఆయుధం దించాడు. అతనికి సమాచారం అందకపోవడం కాదు లోపం. అందిన సమాచారం ఎవరిదో నిర్ధారించే సాధనం లేకపోయింది.

తెలుగు పాఠకునికి ఇక్కడ హనుమంతుడు తలపునకు రాక మానడు. లంకలో సీత కూడా వచ్చినవాడు మారువేషంలోని రావణుడేమోనని శంకించింది. రాముని ఉంగరం చూచిన తరువాతనే నమ్మింది. తిరిగి తన చూడామణిని ఇచ్చి, దూత తనను నిజంగా చూచినట్లు రామునికి రుజువు పంపింది. నేటి రహస్యలిపి శాస్త్రం చేసే పని ఇదే. 1970 దశకంలో రూపొందిన పద్ధతులలో ప్రతివారికీ రెండు తాళపుచెవుల వంటి సంఖ్యలు ఉంటాయి. ఒకటి రహస్యం, రెండవది బహిరంగం. రహస్యసంఖ్యతో ముద్రవేసిన సందేశాన్ని బహిరంగసంఖ్యతో ఎవరైనా సరిచూడవచ్చు. ఆ ముద్రను దొంగతనంగా తయారుచేయడం మాత్రం ఎవరి తరమూ కాదన్నంత కష్టం. ఐతే ఒక చిక్కు మిగిలే ఉన్నది. విడిపోయేనాటికే ఆ బహిరంగసంఖ్య వలసవారి చేతిలో ఉండాలి. ఉంగరం ఎవరిదో సీతకు ముందే తెలుసు గనుక అది పనిచేసింది.

దూత ఒక్కడైతే కథ ఇంతటితో ముగుస్తుంది. ఇద్దరు ప్రత్యర్థులు ఎదురైనప్పుడు ఏమి జరుగుతుంది? దీనిని ప్రయోగాత్మకంగా పరిశీలించినవాడు అమెరికాలోని రాజనీతిశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్. ఆయన 1980లో కంప్యూటరు ప్రోగ్రాముల మధ్య పందెం ఫలితాలను ప్రకటించాడు. ప్రతి ఆటలోను రెండు ప్రోగ్రాములు ఒకరి ఎత్తు ఒకరికి తెలియకుండా సహకారమో ద్రోహమో ఎన్నుకోవాలి. ఇద్దరూ సహకరిస్తే చెరి 3 మార్కులు. ఇద్దరూ ద్రోహం చేస్తే చెరి 1. ఒకరు సహకరించి మరొకరు ద్రోహం చేస్తే ద్రోహికి 5, నమ్మినవానికి సున్న. ఒక్కసారే ఆడితే ద్రోహమే లాభం. కాని వందలసార్లు ఆడాలి. గెలిచినది అనటోల్ రాపోపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాము: మొదట సహకరించు, తరువాత ఎదుటివాడు క్రిందటిసారి ఏమి చేస్తే అదే చేయి. రెండవ పందెంలో 62 ప్రోగ్రాములు వచ్చినా గెలుపు దానిదే.

దీనికి ఒక బలహీనత ఉన్నది. ఒక్కసారి పొరపాటున సహకారం ద్రోహంలా కనబడిందనుకోండి. రెండవది ప్రతీకారం చేస్తుంది, దానికి మొదటిది ప్రతీకారం చేస్తుంది, ఇక అంతులేదు. సగటు 3 నుంచి 2.5కు పడిపోతుంది. ఇంకొక పొరపాటు జరిగితే 1కి దిగజారవచ్చు. పటానీ రేవులో, బందరులో జరిగినది ఇటువంటిదే. 1992లో నోవాక్, సిగ్మండ్ అనే శాస్త్రవేత్తలు చూపిన మార్గం ఏమంటే, ద్రోహానికి అప్పుడప్పుడు ప్రతీకారం మానుకోవాలి. పైన చెప్పిన మార్కులకు లెక్కవేస్తే మూడింట ఒకసారి క్షమించడం సరైన పాలు. అంతకంటె ఎక్కువ క్షమిస్తే మోసగాళ్ళు కబళిస్తారు. పెద్దమనిషి తరహాకు ఇంత ఖచ్చితమైన అంకె దొరకడం ముచ్చటగా ఉన్నది.

నిజంగా మాటలతో రాయబారం నడిపే యంత్రం కూడా వచ్చింది. మెటా సంస్థ 2022లో ప్రకటించిన సిసెరో అనే ప్రోగ్రాము డిప్లమసీ అనే ఆటలో, ఏడు రాజ్యాల నడుమ ఇంగ్లీషులో మంతనాలు సాగిస్తూ, 40 ఆటలు మనుషులతో ఆడింది. ఒకటి కంటె ఎక్కువ ఆటలు ఆడినవారిలో మొదటి పదిశాతంలో నిలిచింది. అబద్ధాలాడకుండా తీర్చిదిద్దామని నిర్మాతలు చెప్పారు. 2024లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష మాత్రం, అది ముందుగా మాట ఇచ్చి తప్పిన సందర్భాలను ఎత్తిచూపింది. గెలవమని పంపిన దూత గెలవడానికే చూస్తుంది. యంత్రంలో తప్పు వెతికేముందు, దానికి ఏ మార్కులు వేస్తున్నామో చూచుకొనవలసి ఉన్నది.

ప్రత్యర్థి దూతలు ఎదురుపడేముందు వారిని పంపినవారు ఒకరితో ఒకరు సత్వరం మాట్లాడుకొనే మార్గం వేసుకొన్న ఉదాహరణ ఒకటి ఉన్నది. 1962 అక్టోబరులో క్యూబా విషయమై అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధపు అంచున నిలిచినప్పుడు, క్రుశ్చేవ్ రాసిన ఒక ముఖ్యమైన ఉత్తరం వాషింగ్టనుకు పూర్తిగా చేరి అర్థమయ్యేసరికి సుమారు 12 గంటలు పట్టింది. భయపడిన ఉభయులూ 1963 జూన్‌లో ఒడంబడిక చేసుకొని, ఆగస్టు నాటికి రెండు రాజధానుల మధ్య టెలిప్రింటరు తీగ వేశారు. టెలిఫోను కావాలనే పెట్టలేదు. కంఠస్వరం విని తొందరపాటుగా అపార్థం చేసుకొనే ప్రమాదం అందులో ఉన్నది. తీగ బాగున్నదో లేదో తెలిసేందుకు అటువారు, ఇటువారు గంటగంటకు ఏవో పుస్తకాలలోని వాక్యాలను పరీక్షగా పంపుతూ ఉండేవారు.